గోధుమ పండిన పల్లె – రైలుబండి దారి
సింటలూటా, ఇండియన్ హెడ్ కర్షకుల చరిత్రమునుండి మనము నేర్వదగిన పాఠము



పంట పండించుట యొక విద్య. పండిన పంటను న్యాయమైన ధరకు అమ్ముకొనుట మఱియొక విద్య. మొదటి విద్యలో మన రైతు ఎవ్వరికిని తీసిపోడు. రెండవ విద్యలో మాత్రము అతడు తఱచుగా ఓడిపోవుచున్నాడు. ఈ రెండవ విద్యను ఒక చిన్న పట్టణపు రైతులు ఎట్లు కష్టపడి నేర్చుకొనిరో, నేర్చినదానిని వారి సంతతివారు ఎట్లు కొంత నిలుపుకొని కొంత పోగొట్టుకొనిరో ఈ మాసపు పాఠములో వివరింతును. ఆ ఊరు మన దేశములోనిది కాదు. కెనడా దేశమున సస్కాచివాన్ రాష్ట్రములో, రెజైనా నగరమునకు తూర్పుగా, రైలుదారి ప్రక్కన ఇండియన్ హెడ్ అనియు సింటలూటా అనియు రెండు చిన్న ఊళ్లు కలవు. సింటలూటా అను పేరు ఆ దేశపు ఆదివాసుల భాషలోనిది. ఎఱ్ఱని తోక అని దాని యర్థము. లోకములోని సహకారోద్యమ చరిత్రలో ఈ చిన్న ఊళ్లకు పెద్ద స్థానము కలదు.

1. భూమి, రైలుదారి

ఆ ప్రాంతమంతయు చెట్టు చేమ లేని పచ్చిక మైదానము. సంవత్సరమునకు కురియు వర్షము, మంచు కలిపి సుమారు 400 మిల్లీమీటర్లు మాత్రమే. అనగా మన అనంతపురపు సీమలో కురియు వానకంటెను తక్కువ. చలికాలమున నీరు గడ్డకట్టి, నేల ఱాయివలె బిగిసిపోవును. మే నెలలో విత్తి, ఆగస్టు చివర గాని సెప్టెంబరులో గాని కోసికొనవలెను. ఈ స్వల్పకాలము దాటినచో గడ్డమంచు పడి గింజ ముడుచుకొనిపోవును. ఒకే పంట, అది పోయినచో ఆ యేడు గడిచినట్లే.

1881లో కెనడా ప్రభుత్వము కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీతో ఒడంబడిక చేసికొని, తూర్పు పడమరలను కలుపు రైలుదారి నిర్మించుటకు ఆ కంపెనీకి రెండున్నర కోట్ల డాలర్ల ధనమును, రెండున్నర కోట్ల యెకరముల భూమిని ఇచ్చెను. 1882లో పట్టాలు ఇండియన్ హెడ్ మీదుగా సాగిపోయెను. దారి మొత్తము 1885 నవంబరులో పూర్తియయ్యెను.

ప్రభుత్వము భూమిని చదరముగా కొలిపించెను. ఒక్కొక్క చదరపు మైలు 640 ఎకరములు. ఇట్టివి 36 కలిసి ఒక టౌనుషిప్పు. సరిసంఖ్య గల చదరములలో అధికభాగము వలసరైతులకును, బేసిసంఖ్య గలవానిలో అధికభాగము రైల్వే కంపెనీకిని, రెండు చదరములు బడులకును కేటాయింపబడెను. 1872 నాటి చట్టము ప్రకారము 10 డాలర్లు రుసుము చెల్లించి, 3 సంవత్సరములు ఆ భూమిమీద నివసించి సాగుచేసిన వానికి 160 ఎకరములు స్వంతమగును. ఈ యాశతో తూర్పు రాష్ట్రములనుండియు బ్రిటనునుండియు జనులు తరలివచ్చిరి. కలప దొరకనిచోట పచ్చిక గడ్డలను ఇటుకలవలె కోసి ఇండ్లు కట్టుకొనిరి. ఎడ్లతో, గుఱ్ఱములతో ఆ బిరుసు నేలను పగులదున్నిరి.

ఈ 160 ఎకరములు ఖాళీగా పడియున్న భూమి కాదనుట మనము మఱువరాదు. అవి క్రీ, సోల్టో, అసినిబోయిన్ మొదలగు జాతులవారి వేటభూములు. 1874లో కాపెల్ కోటవద్ద వారితో ప్రభుత్వము నాల్గవ సంధి చేసికొనెను. ఆ తరువాత కొద్ది సంవత్సరములకే వారికి అన్నమైన అడవిదున్నల మందలు నశించెను. వారు కేటాయింపు భూములలో నాగలి పట్టి సేద్యము నేర్చిరి. కాని 1881నుండి వారు తమ పంటను అమ్ముకొనుటకు అధికారి యనుమతి కావలసివచ్చెను. 1889 తరువాత కొంతకాలము వారికి యంత్రములతో కోత కోయుటయు నిషేధింపబడెను. పండించువానికి అంగడి తలుపు మూసినచో వాని శ్రమ యేమగునో దీనినిబట్టి తెలియును. వలసరైతులకు వేఱొక విధముగా అదే తలుపు మూతపడినపుడు వారు లేచి పోరాడిరి. ఆదివాసి రైతుకు ఆ యవకాశము ఇయ్యబడలేదు.

2. పెద్ద కమతము పడిపోవుట, చిన్న రైతు నిలుచుట

రైలు వచ్చిన 1882లోనే మేజరు బెల్ అను నతడు ఇండియన్ హెడ్ వద్ద కంపెనీ స్థాపించి 50,000 ఎకరములకు పైబడిన మహాక్షేత్రమును ఏర్పఱచెను. వలయాకారమైన రాతి పశులశాల, కూలివారికి ఇండ్లు, సైన్యమువలె వరుసగా నడచు నాగళ్లు – చూడవచ్చినవారు ఆశ్చర్యపడుచుండిరి. కాని అనావృష్టి, మంచుకాటు, 1885 నాటి తిరుగుబాటు ఒకదానివెంట ఒకటి వచ్చెను. కొన్ని సంవత్సరములలోనే ఆ క్షేత్రము ముక్కలై అమ్ముడుపోయెను. దానికి చుట్టుపట్ల ఒక్కొక్క కుటుంబము దున్నుకొనిన కమతములు మాత్రము నిలిచెను. కుటుంబము కష్టకాలమున తన కడుపు కట్టుకొని నిలువగలదు. జీతగాండ్రతో నడచు కంపెనీకి అది సాధ్యము కాదు.

అదే 1885లో ఆ మైదానపు సేద్యమునకు ఒక గొప్ప పాఠము అనుకోకుండ లభించెను. తిరుగుబాటు నణచుటకు వచ్చిన సైన్యము సామానులు మోయుటకు రైతుల గుఱ్ఱపు జతలు కుదుర్చుకొనబడెను. అందుచే కొన్ని పొలములు విత్తకయే నిలిచెను. వానిని ఆ తరువాత వేసవిలో దున్ని వదలిరి. మఱుసటి యేడు, అనగా 1886లో, వాన కఱవయ్యెను. ఏటేట విత్తిన చేలు ఎండిపోగా, ముందటి యేడు దున్ని బీడుగా వదలిన చేలు పండెను. ఒక యేటి వానను నేల తనలో దాచి రెండవ యేటి పైరుకు ఇచ్చెనన్నమాట. ఆ ప్రాంతపు రైతైన ఆంగస్ మకై ఈ సంగతిని శ్రద్ధతో గమనించెను. 1887లో ఇండియన్ హెడ్ వద్ద ప్రభుత్వ ప్రయోగక్షేత్రము స్థాపింపబడగా దాని నిర్వహణ అతనికే అప్పగింపబడెను. దున్ని బీడుంచు పద్ధతి అతని బోధవలన మైదానమంతటను వ్యాపించెను.

అయితే మంచి పద్ధతికైనను హద్దు కలదు. కలుపు లేకుండ పదేపదే దున్ని, కప్పు లేకుండ వదలిన ఆ నేల 1930 తరువాతి కఱవు సంవత్సరములలో గాలికి ధూళియై ఎగిరిపోయెను. నేడు ఆ ప్రాంతమున చాలమంది పూర్వపు పంట మొదళ్లను నేలమీదనే ఉంచి, దున్నకయే విత్తుచున్నారు. నీటిని దాచుట ఎంత ముఖ్యమో మట్టిని కాపాడుట అంతకంటె ముఖ్యమని వారు నేర్చుకొనిరి. కొండవాలు చేలు గల మన రైతులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

3. మన దేశపు గింజ ఆ దేశపు బంగారమగుట

ఈ కథలో మన దేశమునకును ఒక పాలు కలదు. ఆ మైదానములలో మొదట వ్యాపించిన గోధుమ రెడ్ ఫైఫ్ అను రకము. పిండి ఉత్తమము, కాని ఆలస్యముగ పండును. గడ్డమంచు తొందరగా పడిన యేడు పంట చెడును. హిందూదేశమునుండి తెప్పించిన హార్డ్ రెడ్ కలకత్తా అను రకము దిగుబడి తక్కువైనను త్వరగా పండెడిది. ఈ రెంటిని కెనడా ప్రయోగక్షేత్రములవారు 1892లో సంకరము చేసిరి. ఆ సంతతినుండి చార్లెస్ సాండర్స్ అను శాస్త్రజ్ఞుడు 20వ శతాబ్ది మొదటి సంవత్సరములలో ఒక్కొక్క కంకిని వేఱుచేసి, గింజలను నోట నమలి జిగురును పరీక్షించి, మార్క్విస్ అను రకమును ఎన్నుకొనెను. 1907లో ఇండియన్ హెడ్ క్షేత్రమున విత్తి చూడగా అది రెడ్ ఫైఫ్ కంటె ఇంచుమించు వారము దినములు ముందుగా పండి, దిగుబడిలోను మిన్నయయ్యెను. 1909లో రైతులకు విత్తనము పంచబడెను. 1911లో న్యూయార్కు ప్రదర్శనమున రాస్థర్న్ వాసియైన సీగర్ వీలర్ అను రైతు ఈ గోధుమతోనే 1000 డాలర్ల బంగారు బహుమానము గెలిచెను. కొద్దికాలములోనే ఆ మైదానములందలి గోధుమచేలలో అధికభాగము మార్క్విస్‌తో నిండెను.

దిగుబడి తక్కువయని మన నాటు రకములను మనము పాఱవేయుచున్నాము. ఏ నాటు గింజలో ఏ గుణము దాగియున్నదో ముందుగా చెప్పుట కష్టము. ప్రతి సంఘమును తన ప్రాంతపు పాత విత్తనములను కొద్ది కొద్దిగానైనను నిలువయుంచుట మంచిది.

4. పండినది, అమ్ముట యెట్లు?

ఇక ఈ పాఠములోని ముఖ్యభాగమునకు వత్తము. గోధుమ పండినది, కొనువారు సముద్రములకావల నున్నారు. పట్టణమునుండి బయటికి పోవుటకు ఒకే రైలుదారి కలదు. ఆ దారి ప్రక్కన ఎలివేటరు లనబడు ఎత్తైన చెక్క గాదెలు ఉండెడివి. రైతు తన బండిని ఆ గాదెలోనికి తోలగా ధాన్యము తూకమువేయబడి, యంత్రపు తొట్లతో పైకెత్తబడి అఱలలో నింపబడును. అక్కడనుండి గొట్టముద్వారా రైలుపెట్టెలోనికి జాఱును. ఇది మంచి సాధనమే. కాని ఈ గాదెలలో హెచ్చుభాగము కొన్ని కంపెనీల చేతులలో నుండెను. గాదె కట్టినవారికి ప్రోత్సాహముగా రైల్వేవారు, ఎలివేటరు ఉన్నచోట రైతు తన బండినుండి నేరుగా రైలుపెట్టెలోనికి ధాన్యము పోసికొనుటకు గాని, సాధారణపు కొట్టులనుండి ఎక్కించుటకు గాని వీలులేదని కట్టడిచేసిరి.

దీని ఫలితము ఊహించుకొనవచ్చును. తూకము ఎలివేటరువాడు వేయును. గింజ మొదటి తరగతిదో, రెండవదో, మూడవదో అతడే నిర్ణయించును. చెత్త, మట్టి ఉన్నదని తరుగు అతడే తీయును. ధర అతడే చెప్పును. ఇష్టములేనిచో తిరిగి పొమ్మనును. 20 మైళ్లనుండి చలిలో బండి తోలుకొనివచ్చిన రైతు తిరిగి ఎక్కడికి పోగలడు?

లెక్క వేసి చూతము. బుషెలు గోధుమ 60 పౌనులు, అనగా సుమారు 27 కిలోలు. ఒక రైతు 1000 బుషెళ్లు తెచ్చెననుకొందము. బుషెలుకు ఒక్క పౌను తూకములో పోయినచో 1000 పౌనులు, అనగా 16 బుషెళ్లకు పైగా పోయినట్లే. దానిమీద ఒక తరగతి తగ్గించి బుషెలుకు 3 సెంట్లు తక్కువ ఇచ్చినచో మఱి 30 డాలర్లు పోయెను. ఒక్కొక్కటి చిన్నదే; కలిపి చూచిన నొక కుటుంబపు చలికాలపు బట్టలు, బూట్లు. మన లెక్కలోనికి వత్తము. నూఱు క్వింటాళ్ల ధాన్యమునకు క్వింటాలునకు రెండు కిలోలు తరుగు తీసినచో రెండు క్వింటాళ్లు పోయినట్లే. తేమ యని, తాలు యని తీయుచున్న తరుగును లెక్కవ్రాసికొను రైతులు మనలో ఎందఱు?

రైతుల మొఱలు విని ప్రభుత్వము 1899లో విచారణసంఘమును నియమించెను. దాని ఫలితముగా 1900లో మానిటోబా ధాన్యపు చట్టము పుట్టెను. రైతు స్వయముగా రైలుపెట్టె అడుగవచ్చుననియు, రైలు ప్రక్కన ఎక్కింపు తిన్నెలు కట్టవలెననియు, గాదెలను తనిఖీచేయుటకు అధికారి యుండవలెననియు అందు విధింపబడెను. కాగితముమీద న్యాయము వచ్చెను. నేలమీదికి దిగుట మాత్రము ఆలస్యమయ్యెను.

5. 1901 నాటి పంట, 1902 నాటి వ్యాజ్యము

1901లో పంట మునుపెన్నడు లేనంతగా పండెను. రైలుపెట్టెలు చాలలేదు. ఉన్న పెట్టెలు ఎలివేటరువారికే ముందుగా పోవుచుండెను. గోధుమరాసులు పొలములలోను కొట్టులలోను నిలిచిపోయెను. పండక దుఃఖించుట మనమెఱిగినదే. పండియు దుఃఖించుట అంతకంటె కఠినము. పూర్వము యోసేపు ఐగుప్తులో ఏడు సమృద్ధి సంవత్సరముల ధాన్యమును గాదెల కెక్కించి దేశమును కాపాడెనని బైబిలు చెప్పుచున్నది. గాదె ఎవరి స్వాధీనములో నున్నదో, వాని మనసు ఎట్టిదో అనుదానిమీద సమృద్ధియొక్క ఫలము ఆధారపడియుండును.

అబర్నతీ గ్రామమువాడైన విలియం మదర్‌వెల్ 1882లో వచ్చి స్థిరపడిన రైతు. అతడును పొరుగువాడైన పీటర్ డేమనును 1901 డిసెంబరులో ఇండియన్ హెడ్ పట్టణమున రైతులసభ పిలిచిరి. ఆ దినమున అచ్చట ఇద్దఱు రాజకీయ నాయకుల బహిరంగవాదము జరుగనుండెను. దానికై జనము ఎట్లును పట్టణమునకు వత్తురని వారు ఆ దినమునే ఎన్నుకొనిరి. అట్లు టెరిటోరియల్ గ్రెయిన్ గ్రోయర్స్ అసోసియేషన్, అనగా ధాన్యకర్షకుల సంఘము, పుట్టెను. మదర్‌వెల్ దాని ప్రథమాధ్యక్షుడు. కోపముతో వచ్చిన కొందఱు దొమ్మి చేయుద మనిరి. అతడు చట్టప్రకారము నడచుటయే మేలని సంఘమును నిలిపెను.

సంఘపు ఒత్తిడిచే చట్టము సవరింపబడెను. స్టేషనులో ఒక పుస్తక ముండవలెను. రైలుపెట్టె కావలసినవారు వచ్చిన వరుసను అందు పేరు వ్రాయించవలెను. ఆ వరుసనే పెట్టెలు ఇయ్యవలెను. రైతునకు ఒక వరుస, ఎలివేటరునకు ఒక వరుస అను భేదము కూడదు. మన ధాన్యపు కొనుగోలు కేంద్రములలోని టోకెను వరుసవంటిదే యిది.

అయినను 1902 కోతకాలమున సింటలూటా స్టేషనులో వరుస తప్పెను. సంఘమువారు ఊరకుండలేదు; స్టేషను ఏజెంటుమీద వ్యాజ్యము వేసిరి. ఆ ఏజెంటు తన పైవారి యాజ్ఞను నెఱవేర్చినవాడే. అయినను చట్టము మీఱినవాడు అతడే గనుక ప్రతివాది యతడే. సింటలూటాలోనే మేజిస్ట్రేటులయెదుట విచారణ జరిగెను. రైల్వే కంపెనీ గొప్ప న్యాయవాదులను పెట్టెను. తీర్పు రైతులకు అనుకూలమయ్యెను. 50 డాలర్లు జుల్మానా విధింపబడెను. పై న్యాయస్థానములును, తుదకు కెనడా సుప్రీముకోర్టును ఆ తీర్పునే స్థిరపఱచెను.

50 డాలర్లు రైల్వే కంపెనీకి గడ్డిపోచతో సమానము. కాని ఆ దినమునుండి ప్రతి స్టేషనులోను వరుసపుస్తకము నిజమైన పుస్తకమయ్యెను. రైలుపెట్టెలో సుమారు 1000 బుషెళ్లు పట్టును. రైతుబండిలో సుమారు 60. పదునాఱు పదునేడు బండ్ల ధాన్యము తెచ్చి తానే పెట్టె నింపుకొనగల రైతుకు ఎలివేటరువాడు చెప్పిన ధరకు తల వంచవలసిన పని లేకపోయెను. అందఱు రైతులు అట్లు నింపుకొనలేదు. నింపుకొనగలరను సంగతియే ఎలివేటరువారి ధరను, తూకమును సరిచేసెను.

6. సంఘము వ్యాపారములోనికి దిగుట

సింటలూటాలో ఎడ్వర్డు పార్ట్రిజ్ అను రైతు ఉండెను. 1883లో వచ్చినవాడు. ధాన్యము మన ఊరు దాటిన తరువాత దాని గతి యేమి, ధర ఎవరు కట్టుచున్నారు, అనునది తెలియనిదే మనము బాగుపడమని అతని వాదము. సింటలూటా రైతులు 1905 జనవరిలో అతనిని విన్నిపెగ్ నగరమునకు పంపిరి. అచ్చట అతడు ఒక మాసము ధాన్యపు తనిఖీని, వ్యాపారుల ఎక్స్చేంజిని చూచివచ్చి, రైతులు కట్టడిచేయుమని ప్రభుత్వమును వేడుకొనుటతో ఆగరాదనియు, తామే అమ్మకపు సంఘము పెట్టుకొనవలెననియు చెప్పెను.

1906లో గ్రెయిన్ గ్రోయర్స్ గ్రెయిన్ కంపెనీ ఏర్పడెను. వాటా 25 డాలర్లు. ఒకరికి 4 వాటాలకు మించి కూడదు. ఎన్ని వాటాలున్నను మనిషికి ఒకే వోటు. ఎక్స్చేంజిలో స్థానమునకు 2500 డాలర్లు కావలసివచ్చెను. చేతిలో నున్నది చాలలేదు. పార్ట్రిజును, సింటలూటాలోని కొందఱు మిత్రులును తమ స్వంత హామీమీద బ్యాంకులో అప్పు తెచ్చిరి. తమ పొలములను, ఇండ్లను నలుగురి మేలుకొఱకు ఒడ్డిన ఈ రైతులను మనము గౌరవింపవలెను.

వ్యాపారము మొదలిడి కొద్ది వారములైనను కాకమునుపే ఎక్స్చేంజి ఆ కంపెనీని వెలివేసెను. కారణమేమనగా, మిగులును వాటాలనుబట్టి కాక, రైతు తెచ్చిన ధాన్యమునుబట్టి పంచుదుమని కంపెనీ ప్రకటించెను. ఇది కమీషనును తిరిగి ఇచ్చుటయే, నియమవిరుద్ధమని వ్యాపారుల వాదము. వెలివేయబడిన కంపెనీ ధాన్యమును కొనువారు కఱవైరి. బ్యాంకు అప్పు పెరిగెను. అట్టి సమయమున స్కాట్లండు దేశపు సహకార టోకుసంఘము వారి ధాన్యమును కొని ఆదుకొనెను. దూరదేశపు కార్మికుల సహకారసంఘము ఈ రైతుల సహకారసంఘమునకు చేయి యిచ్చెను. మానిటోబా ప్రభుత్వపు ఒత్తిడిచే 1907లో కంపెనీ మరల ఎక్స్చేంజిలో చేరెను; కాని ధాన్యమునుబట్టి మిగులు పంచు పద్ధతిని వదలుకొనవలసివచ్చెను. ఆ యేడే పార్ట్రిజ్ అధ్యక్షత విడువగా థామస్ క్రేరర్ అధ్యక్షుడయ్యెను. 1908లో రైతుల స్వంతపత్రిక గ్రెయిన్ గ్రోయర్స్ గైడు వెలువడెను.

తరువాతి మెట్లను త్వరగా చెప్పెదను. 1911లో సస్కాచివాన్ సహకార ఎలివేటరు కంపెనీ ఏర్పడెను. వాటాధనములో నూటికి 15 వంతులు రైతులు చెల్లింపగా, గాదెలు కట్టుటకు 85 వంతులు ప్రభుత్వము అప్పిచ్చెను. అంతవఱకు మొఱపెట్టుకొనినవాడు ఇప్పుడు గాదెకు స్వంతదారుడయ్యెను. 1924లో సస్కాచివాన్ గోధుమపూలు ప్రారంభమయ్యెను. సభ్యుడు 5 సంవత్సరములపాటు తన గోధుమనంతయు పూలుకే ఇచ్చెదనని సంతకము చేయును. ధాన్యము తెచ్చినపుడు మొదటి చెల్లింపు, అమ్మకము కాగా తుది చెల్లింపు పొందును. కోతదినములలో ధర పడియున్నపుడు అప్పులవానికై తెగనమ్ముకొను దుస్థితి ఇట్లు కొంత తొలగెను. అయితే 1929 తరువాత లోకమంతట ధరలు కూలిపోగా, పూలు ముందుగా చెల్లించిన మొత్తముకంటె అమ్మకపు ధర తక్కువయ్యెను. ప్రభుత్వము పూచీపడి కాపాడవలసివచ్చెను. ముందుచెల్లింపు ఎంత జాగ్రత్తగా నిర్ణయింపవలెనో దీనివలన తెలియును.

7. పెరిగిన చెట్టు ఎట్లు చేజాఱెను?

ఈ పాఠము ఇంతటితో ముగించినచో సంతోషముగా నుండును. కాని నిజము మిగిలియున్నది. గోధుమపూలు అనేక దశాబ్దములు ఆ రాష్ట్రపు రైతులకు పెద్ద సంస్థగా నిలిచెను. క్రమముగా కమతములు పెద్దవై, రైతులసంఖ్య తగ్గెను. రైలుశాఖలు మూతపడెను. చిన్న స్టేషనులలోని చెక్క గాదెలు కూల్చబడి, దూరదూరముగా పెద్ద కాంక్రీటు గాదెలు లేచెను. వానికి మూలధనము కావలసివచ్చెను. 1996లో పూలు తన వాటాలను టొరంటో వాటాల బజారులో అమ్మకమునకు పెట్టెను. శక్తికి మించిన నిర్మాణముచే అప్పులపాలయ్యెను. 2007లో మఱియొక ధాన్యసంస్థను కొని వైటెర్రా అను పేరు పెట్టుకొనెను. ఆ మఱియొక సంస్థలో 1906 నాటి సింటలూటా కంపెనీయొక్క వారసత్వము కలిసియుండెను. 2012లో దానిని అంతర్జాతీయ వర్తకసంస్థ యొకటి కొనెను. సింటలూటా రైతుల స్వంతమై పుట్టినది నూఱేండ్లకు పరుల స్వంతమయ్యెను.

ఎవరిని నిందింతము? శత్రువు వచ్చి గాదె దోచుకొనలేదు. సభ్యుడు సభకు వచ్చుట మానెను. తన సంఘమును కొట్టుగా చూచెను గాని ఇల్లుగా చూడలేదు. కాలము మాఱినది నిజమే. కాని యజమాని కనిపెట్టుకొనియుండని సొత్తు ఏ కాలమునందును నిలువదు.

8. మన సంఘములకు సారాంశము

సింటలూటా రైతులు స్టేషనులో పోరాడిన దినములలోనే, 1904లో, మన దేశమున మొదటి సహకార పరపతి చట్టము వచ్చెను. ఆ చట్టము అప్పు ఇచ్చు సంఘములకు మాత్రమే. అమ్మకము మొదలగు ఇతర కార్యముల సంఘములకు 1912 నాటి చట్టముచే వీలు కలిగెను. వారిది అమ్మకమునుండి పుట్టిన సహకారము. మనది అప్పునుండి పుట్టినది. అందుచే నేటికిని మన రైతులలో పెక్కుమందికి సంఘమనిన అప్పు పుట్టుచోటు. అప్పు తీర్చుటకు శక్తినిచ్చునది అమ్మకమేయని తలపోసినచో ఈ దిగువ విషయములు ఆలోచింపదగును.

మొదటిది: తూకమును, తరగతిని, తరుగును సభ్యుడు తానుగా వ్రాసికొనవలెను. వ్రాతలేని మొఱ గాలిమాట. సింటలూటా వ్యాజ్యము గెలిచినది వరుసపుస్తకములోని వ్రాతవలననే.

రెండవది: చట్టము వచ్చినదని కూర్చుండరాదు. దానిని నడిపించుటకు మనుష్యులు కావలెను. ఒకే స్టేషనులో, ఒకే తప్పుమీద, ఓర్పుతో చేసిన పోరాటము వందల స్టేషనులను సరిచేసెను.

మూడవది: ధాన్యము ఊరు దాటిన తరువాత దాని గతిని తెలిసికొనుటకు సంఘము తనలో నొకరిని పంపవలెను. మిర్చి పండించువారు గుంటూరు యార్డులో, పసుపు పండించువారు నిజామాబాదులో ఒక వారము కూర్చుండి చూచిరేని అనేక సంగతులు బోధపడును.

నాల్గవది: ఆపదలో వెలి ధర కొంచెము హెచ్చుగా కనబడినను సంఘమును విడువరాదు. వ్యాపారి ఒక కాలము హెచ్చు ధర యిచ్చి సంఘమును కూల్చి, మఱుకాలము తనకు తోచిన ధర పెట్టగలడు.

అయిదవది: సంఘము పెరిగినకొలది సభ్యుని కన్ను దానిమీద మఱింత నిలువవలెను. వార్షికసభకు పోని రైతు తన గాదె తాళముచెవిని దారిలో పాఱవేసికొనినవాడు.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన యూరి ధాన్యమునకు తూకము ఎవరు వేయుచున్నారు? కాటా తనిఖీ ఎన్నడు జరిగినది?
2. గత పంటలో ఒక్కొక్క సభ్యునికి తరుగుక్రింద ఎంత పోయెను? సభ్యులందఱి లెక్క కలిపిన నెంతయగును?
3. కొనుగోలు కేంద్రమున టోకెను వరుస తప్పినచో ఎవరికి, ఎట్లు వ్రాతపూర్వకముగా తెలుపవలెను?
4. కోతదినములలోనే అమ్మక తప్పని సభ్యులు ఎందఱు? సంఘపు గోదాములో నిలువపెట్టి వారికి ముందుసొమ్ము ఇచ్చుటకు మనకు శక్తి కలదా?
5. గత వార్షికసభకు సభ్యులలో నూటికి ఎందఱు వచ్చిరి? రానివారు రాకపోవుటకు కారణములేమి?

ఈ ప్రశ్నలలో రెండవదానికి సమాధానము ఊహతో చెప్పరాదు. ప్రతి సభ్యుడును తన చీటీలు తెచ్చి, కార్యదర్శి యెదుట కూడి లెక్కవేయవలెను. ఆ మొత్తమును సంఘపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టుడు. తరువాత చేయవలసినదేమో ఆ లెక్కయే చెప్పును.